ఏడుపు ఆగింది, ఖాళీ మిగిలింది: ఇది జబ్బా, నా స్వభావమా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రెండేళ్ల కిందట డిప్రెషన్ అని డాక్టరు మందులు రాశారు. ఏడుపు ఆగింది, నిద్ర దారిలో పడింది. ఉద్యోగం చేసుకుంటున్నారు, నలుగురిలో నవ్వుతూనే మాట్లాడుతున్నారు. కానీ లోపల ఏమీ లేదు. "ఖాళీ డబ్బా ఊపినట్టుంది, గులకరాయి చప్పుడు కూడా లేదు" అని రాశారు. అది పోవాలని పొద్దున 5 గంటలకు లేవడం, చన్నీళ్ల స్నానం, రోజూ డైరీ, నెలకో పుస్తకం... ఏడాదిగా అన్నీ చేశారు. ఏదీ పట్టలేదు. చివరికి "ఇది జబ్బా, లేక నేనే ఇంతా? మనిషిగా ఎదిగే అవకాశం నాకుందా?" అని అడిగారు.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. 19 ఏళ్లుగా ఇదే పని. మధ్యలో ఒక ఏడాది నేనూ పేషెంటునే. బల్లకి రెండు వైపులా కూర్చున్న మనిషి చెప్తున్నట్టు వినండి.

మీరు రాసినదాన్ని బట్టి నాకు కనిపిస్తున్నది సగంలో ఆగిన వైద్యం. దాన్ని స్వభావం అని తేల్చేసుకోవడం చాలా తొందరపాటు. ఇక ఎదుగుదల పేరుతో మీరు చేస్తున్నవి ఆ ఖాళీని ఇంకాస్త పెంచుతున్నాయని నా అనుమానం. రెండూ వివరంగా చెప్తాను.

దానికన్నా ముందు ఒక మాట అడగాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లందరినీ అడుగుతాను, మిమ్మల్నీ అడుగుతున్నాను. "నేను లేకపోతే బావుండు", "పడుకుని లేవకపోతే బావుండు" అనే ఆలోచన వస్తోందా? వస్తే ఊరికే వచ్చి పోతోందా, ఎలా, ఎప్పుడు అన్నదాకా వెళ్తోందా? రెండోదైతే ఇక్కడ చదవడం ఆపేసి ఇవాళే ఒక మనిషికి చెప్పండి. ఇంట్లోవాళ్లు, స్నేహితులు, మీ డాక్టరు, ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్, ఆస్పత్రి ఎమర్జెన్సీ, ఎవరు ముందు దొరికితే వాళ్లకి. ఒంటరిగా ఉండకండి. ప్రాణానికి ముప్పు తెచ్చేవి చేతికి అందే దూరంలో ఉంటే వేరేవాళ్లకి అప్పగించండి. ఏడుపు లేదు కాబట్టి ప్రమాదం లేదని చాలామంది అనుకుంటారు. మొద్దుబారిన మనిషి తన బాధని తనే తక్కువగా చెప్తాడు, అందుకే నేను ఈ ప్రశ్న ఎప్పుడూ వదలను.

ఇప్పుడు అసలు సంగతి. మన భాషలో ఈ బాధకి మాటలు బోలెడు. వెలితి, శూన్యం, నిర్లిప్తత, విసుగు, మొద్దుబారడం, ఏదీ మనసుకెక్కకపోవడం. డాక్టరు గదిలోకి రాగానే మాత్రం అందరూ "ఖాళీగా ఉందండీ" అని ఒక్క మాటతో సరిపెడతారు. నేను మొదట తేల్చుకునేది ఒకటే: వెలితా, మొద్దుబారడమా?

వెలితి ఉన్న మనిషికి ఏదో కావాలని ఉంటుంది. ఏం కావాలో తెలియకపోవచ్చు, దొరకకపోవచ్చు, కానీ లాగుతూ ఉంటుంది. మనసుకి నచ్చని పనిలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు, మాట కలిపే మనిషి లేనివాళ్లు, బతుక్కి అర్థమేంటని సతమతమయ్యేవాళ్లు ఎక్కువగా ఈ జాబితాలో వస్తారు. రెండో ప్రపంచయుద్ధంలో నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ దీన్నే అస్తిత్వ శూన్యం అన్నాడు. ఇది జబ్బు కానక్కర్లేదు. దీనికి మందు బిళ్ల కూడా లేదు.

మొద్దుబారడం వేరు. ఇక్కడ కావాలనిపించే యంత్రమే ఆగిపోతుంది. ఇష్టమైన పాట పెడితే శబ్దం వినిపిస్తుంది, పాట వినపడదు. ఆనందం తెలియని ఈ స్థితికి ఫ్రెంచి మనస్తత్వవేత్త రిబో 1896లోనే అన్‌హెడోనియా అని పేరు పెట్టాడు. డిప్రెషన్ నిర్ధారణకి అమెరికన్ మానసిక వైద్యుల సంఘం వాడే జాబితాలో 9 లక్షణాలుంటాయి. కనీసం 5 రెండు వారాలపాటు ఉండాలి, ఆ ఐదింట్లో దిగులో, ఆసక్తి పోవడమో ఒకటి తప్పనిసరి. గమనించండి, "దిగులో, ఆసక్తి పోవడమో". ఒక్క బొట్టు కన్నీరు కారకుండా కూడా డిప్రెషన్ ఉండొచ్చన్నమాట. మీకు దిగులు తగ్గింది, ఆసక్తి తిరిగి రాలేదు. చాలామందికి ఇలాగే జరుగుతుంది. ఇంట్లోవాళ్లకి కనిపించేది ఏడుపే కాబట్టి అది ఆగితే జబ్బు నయమైందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు, పేషెంటు కూడా మొహమాటానికి అవుననేస్తాడు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను పట్టేసింది: "మా అక్కకి పాప పుట్టిందని ఫోన్ వస్తే, సంతోషపడాలని గుర్తు చేసుకుని సంతోషంగా మాట్లాడాను." ఇది వెలితి కాదు. నాకు ఇది బాగా తెలుసు. నా అనారోగ్యం రోజుల్లో మా అమ్మాయి బొమ్మ గీసి తెచ్చింది. ఇల్లు, ఇంటికన్నా పెద్దగా నేను, నాకు ఏడు వేళ్లున్న చెయ్యి. "అబ్బ, ఎంత బావుందో!" అన్నాను. గొంతు సరిగ్గా పలికింది, ముఖం సరిగ్గా విప్పారింది. లోపల మాత్రం వేళ్లు లెక్కపెడుతున్నాను. ఏడు. అంతే. ఆ పిల్ల వెళ్లిపోయాక కూడా కాగితం పట్టుకుని అలాగే నిలబడ్డాను, ఏదైనా వస్తుందేమోనని. ఏమీ రాలేదు.

ఈ మొద్దుబారడానికి కారణాలు ఒకటి కాదు, అందుకే ఇంట్లో కూర్చుని తేల్చుకోకూడదు. మీ విషయంలో నేను ముందు చూసేది మందులు. డిప్రెషన్‌కి ఎక్కువగా రాసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు దుఃఖం అంచుని అరగదీసినట్టే కొందరిలో సంతోషం అంచునీ అరగదీస్తాయి. డాక్టర్లకి ఇది కొత్త సంగతేమీ కాదు. మోతాదు తగ్గించడమో, వేరే రకానికి మార్చడమో, ఇంకోటి జత చేయడమో చేస్తారు. కానీ మీరు చెప్పకపోతే వాళ్లకి తెలియదు. చిక్కేంటంటే జబ్బు మిగిలి ఉన్నా ఇలాగే ఉంటుంది, మందు వల్లా ఇలాగే ఉంటుంది. మొదలుపెట్టక ముందే ఈ ఖాళీ ఉందా, తర్వాత వచ్చిందా, మోతాదు పెంచినప్పుడు పెరిగిందా అన్న వరస మీరే గుర్తు చేసుకోవాలి. ఇది చదివి "మందు వల్లేనన్నమాట" అని రేపటినుంచి మానేయకండి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, వికారం, తలలో కరెంటు తగిలినట్టు జిల్లుమనడం ఉండొచ్చు. పాత జబ్బు తిరగబెట్టే ప్రమాదం వేరే.

రెండోది ఒళ్లు. థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం, రాత్రి గురకతో నిద్ర చెడిపోవడం, మద్యం. ఇవన్నీ మనసు జబ్బు వేషం వేసుకుని వస్తాయి. ఒక రక్తపరీక్షతో తేలేదాన్ని ఆరు నెలలు మాటలతో తవ్విన అనుభవం నాకుంది, ఆ తప్పు నాదే. అప్పటినుంచి ముందు రిపోర్టులు అడుగుతాను.

మూడోది గాయం. చిన్నప్పుడు దెబ్బలో, తిట్లో, పట్టించుకోకపోవడమో అనుభవించినవాళ్లు కొందరు భావాలకి అడ్డంగా తలుపేసి బతకడం నేర్చుకుంటారు. అప్పుడు అది ప్రాణరక్షణ. పెద్దయ్యాక తలుపు ఉంటుంది, గడియ ఎక్కడుందో గుర్తుండదు. తమని తాము బయటినుంచి చూస్తున్నట్టు, లోకమంతా అద్దం వెనక ఉన్నట్టు అనిపించడం కూడా ఇలాంటివాళ్లలో ఎక్కువ. మీరు ఈ ప్రస్తావన తేలేదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తాను.

నాలుగోది మీరే అడిగారు: "నెట్‌లో చదివితే ఖాళీతనం బోర్డర్‌లైన్ పర్సనాలిటీ లక్షణమని ఉంది, నాకు అదేనా?" ఎప్పుడూ వెన్నాడే ఖాళీతనం ఆ నిర్ధారణకి ఉన్న 9 లక్షణాల్లో ఒకటి, నిజమే. కానీ కనీసం 5 ఉండాలి. వదిలేసి పోతారన్న విపరీత భయం, ఒకే మనిషిని ఇవాళ దేవుడు రేపు దయ్యం అనుకోవడం, తెగింపు పనులు, తనకి తాను హాని చేసుకోవడం, ఆపుకోలేని కోపం వంటివి. మీ వర్ణనలో అవేవీ లేవు. ఒక్క లక్షణంతో జబ్బు పేరు తగిలించుకోకండి. ఒకవేళ ఎవరికైనా ఆ నిర్ధారణ అయినా అది మరణశాసనం ఏమీ కాదు. దానికి డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే మాటల వైద్యం రూపొందించిన అమెరికన్ మనస్తత్వవేత్త మార్షా లీనెహాన్ 17 ఏళ్ల వయసులో తనే మానసిక ఆస్పత్రిలో చేరి రెండేళ్లకు పైగా ఉంది. ఆ సంగతి 2011లో అదే ఆస్పత్రిలో నిలబడి బయటపెట్టింది. అప్పటికి ఆమె పద్ధతి ఎన్నో దేశాల్లో వాడుకలో ఉంది.

ఇంకో మాట, మీ స్నేహితుడు అన్నది. "ఇది జబ్బు కాదురా, వైరాగ్యం. నువ్వు ఆధ్యాత్మికంగా ఎదుగుతున్నావ్." మంచి మనసుతోనే అని ఉంటాడు. కానీ వైరాగ్యం అంటే పట్టుకోగలిగిన చెయ్యి తెలిసి వదలడం. మీ చేతికి పట్టే దొరకడం లేదు. బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడి శూన్యతని కూడా ఇలాగే తెచ్చి అతికిస్తుంటారు. ఆయన చెప్పింది వస్తువులకి తమంతట తాముగా నిలిచే స్వభావం లేదని, ప్రతిదీ వేరేవాటిమీద ఆధారపడి ఉంటుందని. మేనకోడలు పుట్టినా చలించకపోవడానికీ దానికీ సంబంధం లేదు. ఆస్పత్రికి వెళ్లాల్సిన మనిషికి వేదాంతం వడ్డించడం మనవాళ్లకి అలవాటు.

ఇప్పుడు మీ 5 గంటల నిద్రలేవడం దగ్గరికొద్దాం. పద్ధతిలో తప్పు లేదు, ఆరోగ్యంగా ఉన్నవాడికి మంచిదే కావచ్చు. మీ డైరీ పేజీ ఫొటో పెట్టారు కదా, అందులో ప్రతి రోజుకీ కింద మార్కులు వేసుకున్నారు. "స్నానం చేశాను, ఏమీ అనిపించలేదు. ఫెయిల్." "ధ్యానం 20 నిమిషాలు, ఏమీ అనిపించలేదు. ఫెయిల్." మీరు ఎదగడానికి ప్రయత్నించడం లేదు, రోజూ పొద్దున్నే లేచి మీమీద మీరే కేసు పెట్టుకుంటున్నారు. డిప్రెషన్‌కి ఇంతకన్నా రుచికరమైన మేత లేదు. ఆత్మనింద దాని ప్రధాన లక్షణాల్లో ఒకటి, ఇప్పుడది స్వీయవికాసం చొక్కా తొడుక్కుని వచ్చింది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. "ఇప్పుడేమైనా అనిపిస్తోందా?" అని నిమిషానికోసారి లోపలికి తొంగి చూస్తే ఏమీ అనిపించదు. మొలక వచ్చిందేమోనని గింజని తవ్వి చూసినట్టు.

మరి ఏం చేయాలి? నేను ఎక్కువగా నమ్మేది చాలా సాదాసీదా పద్ధతి. బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. 1970ల్లో మనస్తత్వవేత్త పీటర్ లూయిన్‌సన్ దీనికి దారి వేశాడు. తర్వాత నీల్ జేకబ్సన్ బృందం 1996లో ఒక పరీక్ష చేసింది. డిప్రెషన్‌కి వాడే కాగ్నిటివ్ థెరపీలో ఆలోచనలు మార్చే భాగం తీసేసి, పనులు చేయించే భాగం ఒక్కటే ఇస్తే ఏమవుతుందో చూశారు. ఫలితం పూర్తి వైద్యంతో దాదాపు సమానంగా వచ్చింది. దీని కిటుకు ఏంటంటే, మనసు కుదిరాక పని చేద్దామని కూర్చోరు. పని ముందు జరుగుతుంది, మనసు వెనక కుంటుకుంటూ వస్తుంది.

అన్‌హెడోనియాలో ఎక్కువగా దెబ్బతినేది ఎదురుచూపు. మెదడులో "కావాలి" అనిపించే వ్యవస్థా, "బావుంది" అనిపించే వ్యవస్థా వేరువేరని కెంట్ బెరిడ్జ్ పరిశోధనల వల్ల తెలిసింది. డోపమైన్ అనే మెదడు రసాయనానికి ఎక్కువ సంబంధం మొదటిదానితోనే. అందుకే పనికి ముందు "దీనివల్ల ఏం ఒరుగుతుంది" అనిపిస్తుంది, తీరా చేశాక అనుకున్నంత చేదుగా ఉండదు. ఆ తేడా మనకి గుర్తుండదు. కాగితంమీద పెడితే దొరుకుతుంది.

ఒకాయన ఉండేవాడు, వివరాలు మార్చి చెప్తున్నాను. నలభై దాటిన మనిషి, మీలాగే మాట్లాడేవాడు. కాగితంమీద మూడు గడులు గీసిచ్చాను: చేసిన పని, ముందు వేసుకున్న అంచనా, తర్వాత వేసిన అంకె, 0 నుంచి 10. వారం తర్వాత తెచ్చాడు. అన్నీ సున్నాలు, గుండ్రంగా, శ్రద్ధగా గీసిన సున్నాలు. "చూశారా" అన్నాడు, కాస్త గెలిచినట్టు. సరే కొనసాగించండి అన్నాను. రెండోసారి తెచ్చినప్పుడు పన్నెండో రోజు దగ్గర "ఆగిపోయిన గోడగడియారం విప్పాను" అని ఉంది. పక్కన 1 వేసి, కొట్టేసి, మళ్లీ 1 వేశాడు. ఏం జరిగిందని అడిగితే, "బాగవలేదండీ. కానీ కాసేపు టైము చూసుకోలేదు" అన్నాడు. తను ఏమన్నాడో అర్థమై ముందు నేను నవ్వాను, తర్వాత ఆయన. ఆ కొట్టేసిన 1 దగ్గర్నుంచే మా పని మొదలైంది. నయం కావడానికి ఏడాది పైనే పట్టింది, మందు కూడా ఒకసారి మార్చాల్సి వచ్చింది.

మీరు కూడా మార్కుల డైరీ పక్కనపెట్టి ఈ మూడు గడుల కాగితం మొదలుపెట్టండి. పనులు చిన్నవి ఉండాలి, చేత్తో చేసేవి ఉంటే మేలు. కనీసం ఒకటి ఇంకో మనిషితో కలిసి చేసేది ఉండాలి, మాట్లాడాల్సిన అవసరం లేని పని అయితే ఇంకా మంచిది: ఇద్దరూ కలిసి నడవడం, అల్మరా సర్దడం. ఒకప్పుడు మీకు ఇష్టమైనవాటితో మొదలుపెట్టకండి. పాత ఆనందంతో పోల్చుకుని కుంగిపోతారు. సున్నా వస్తే సున్నా రాయండి, అది కేవలం కొలత. ఫెయిల్ అన్న మాట ఆ కాగితంమీద రాయడానికి వీల్లేదు. నిద్ర మాత్రం పణంగా పెట్టకండి. 5 గంటలకు లేవడం కోసం 5 గంటలే పడుకుంటున్నారు, ముందు అది మానండి.

ఇంకోటి ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే భయపడతారు. మొద్దుబారడం విడిపోతున్నప్పుడు మొదట వచ్చేది సంతోషం కాకపోవచ్చు. తిమ్మిరెక్కిన కాలు కదిపితే ముందు సూదులు గుచ్చుకుంటాయి కదా. నాకు మొదట తిరిగొచ్చింది చిరాకు. ఓ మధ్యాహ్నం ఫ్యాను కిర్రు కిర్రుమంటుంటే పట్టరాని కోపం వచ్చింది. అది ఏడాదిగా అలాగే మోగుతోందని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఆ తర్వాత కొన్నాళ్లు అకారణంగా ఏడ్చాను. జబ్బు తిరగబెట్టిందని మా ఇంట్లో కంగారుపడ్డారు, నా డాక్టరు మాత్రం కంగారుపడలేదు. ఇలాంటిది మీకూ వస్తే దాచకుండా మీ డాక్టరుకి చెప్పండి, ఏది ఏదో వాళ్లు చూసి చెప్తారు. నిద్ర అక్కర్లేకుండా హుషారు పొంగడం, ఆలోచనలు ఉరకడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు, అది వేరే జబ్బుకి గుర్తు కావచ్చు.

ఇక మీ చివరి ప్రశ్న, ఎదుగుదల. కష్టం మనిషిని ఎదిగిస్తుందన్న మాటకి మనస్తత్వశాస్త్రంలో పోస్ట్ ట్రామాటిక్ గ్రోత్ అని పేరుంది. టెడెస్కీ, కాల్హౌన్ అనే ఇద్దరు 1996లో దాన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి కూడా తయారుచేశారు. అది నిజమే కావచ్చు, కానీ "నేను ఎదిగాను" అని మనిషి చెప్పుకున్నదానికీ అతనిలో వాస్తవంగా వచ్చిన మార్పుకీ పొత్తు అంతగా కుదరడం లేదని తర్వాతి పరిశోధకులు ఎత్తిచూపారు. నాకూ ఆ మాటంటే కొంచెం అనుమానమే. జబ్బు నాకేదో పాఠం నేర్పిందని కృతజ్ఞత చెప్పుకునే ఓపిక నాకు లేదు. అది నా దగ్గర ఒక ఏడాది తీసుకుంది, మా అమ్మాయి చిన్నతనంలో ఒక ఏడాది.

కాకపోతే నా దగ్గరికొచ్చినవాళ్లలో బాగుపడ్డాక కొన్ని మార్పులు చూశాను, వాటిని ఎదుగుదల అంటే ఒప్పుకుంటాను. "నాకు బాలేదు, ఇవాళ రాలేను" అని సాకు కల్పించకుండా చెప్పగలగడం. ఇష్టం లేకపోయినా నవ్వే అలవాటు కాస్త సడలడం. జబ్బు మళ్లీ వస్తుంటే ముందు ఏది చెడుతుందో తెలియడం. ఒకరికి నిద్ర, ఒకరికి ఫోన్లు ఎత్తకపోవడం, నాకైతే గిన్నెలు సింకులో పేరుకోవడం. ఆ గడియారం ఆయన తన తమ్ముడితో ఒక కోడు పెట్టుకున్నాడు: ఫోన్ చేసి "టైమెంత?" అంటే రమ్మని అర్థం. రెండుసార్లు వాడాడని చెప్పాడు. మీకు జీవితానికి అర్థం, దిశ లాంటి పెద్ద ప్రశ్నలు ఉన్నాయని తెలుసు. అవి నిజమైన ప్రశ్నలే. కావాలనిపించడం కాస్త తిరిగొచ్చాక తీయండి, ఇప్పుడు తీస్తే ప్రతిదానికీ ఒకే జవాబు వస్తుంది.

ఈ వారంలో డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి. మీరు అక్కడికెళ్లి "బానే ఉందండీ" అనేసి వస్తారని నాకు గట్టి అనుమానం, ఎందుకంటే నేనూ అదే చేశాను. అందుకని ఈ మాటలు కాగితంమీద రాసుకుని, లోపలికి వెళ్లగానే చదవండి: "ఏడుపు తగ్గింది కానీ సంతోషం కూడా రావడం లేదు. అక్కకి పాప పుడితే ఏమీ అనిపించలేదు. ఇది ముందునుంచీ ఉందా, మందు మొదలుపెట్టాక పెరిగిందా అంటే, నాకు గుర్తున్నంతవరకు జరిగిన వరస ఇది (ఇక్కడ మీ వరస రాసుకోండి). మోతాదు మార్చాలా, రక్తపరీక్షలు ఏమైనా చేయించాలా, మాటలతో చేసే థెరపీకి ఎవరి దగ్గరికి వెళ్లాలి?" చదవడానికి నిమిషం పడుతుంది. గొంతు పెగలకపోతే కాగితం చేతికివ్వండి. అలా ఇచ్చేవాళ్లు చాలామందే ఉంటారు, మాకు అలవాటే.